అడుగుకు అర అంగుళం

జూన్ 3

కోడలు పిల్లకు,

నీ ఉత్తరం సైకిల్ షాపులో అందింది. షాపువాడు కవరు చేతికిస్తూ, "ఏంటండీ, ఈ వయసులో దొంగచాటు ఉత్తరాలు?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. మీ అమ్మ కంటపడితే ఈ ఇంట్లో నాకు మంచినీళ్లు కూడా పుట్టవని వాడికేం తెలుసు. మా అక్క దృష్టిలో నువ్వింకా క్వారీ ఆఫీసులో కుర్చీ వేసుకుని, కాటా దగ్గర తూకం చీటీలు రాస్తున్నావు. నా కాలు లారీ కింద నలిగినప్పటి నుంచి ఆవిడ ముందు ఆ బండి పేరే ఎత్తకూడదు. అలాంటిది కన్నకూతురు టిప్పరు తోలుతోందనీ, తోలడం నేర్పింది నేనేననీ తెలిస్తే మిగిలిన కాలు ఆవిడే విరగ్గొడుతుంది.

అసలు సంగతికి వస్తాను. నేను తోలిన పాత లారీ మోడల్ పూర్తయింది. నూనె డబ్బా రేకుతో క్యాబిన్, పాత ట్యూబు రబ్బరుతో టైర్లు, గొడుగు ఊచలతో ఇరుసులు. అసలు బండిలో అడుగుంటే నా బల్ల మీద అర అంగుళం. ఆ లెక్క ఎక్కడా తప్పలేదు. తలుపులు తెరుచుకుంటాయి. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. చక్రాల నట్లు గుండుసూది తలలతో చేశాను. ఒక్కోదాన్ని ఆకురాయితో అరగదీసి పలకలు తేల్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయనుకో. మీ అమ్మ వచ్చి, "ఏరా, బొమ్మలాటలా?" అంది. "బొమ్మ కాదక్కా, మోడల్" అన్నాను. "ఏదైతేనేం, చీపురు తగిలి విరిగితే నా పూచీ లేదు" అంది. మర్నాడు చూస్తే గదంతా ఊడ్చి ఉంది, నా బల్ల చుట్టూ తప్ప.

వీధిలో లారీ బ్రేకు కీచుమంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. తింటున్న ముద్ద మళ్లీ కంచంలో పెట్టేస్తాను. ఆ బల్ల ముందు కూర్చుని రేకు మీద గీత గీస్తున్నప్పుడు మాత్రం వీధిలో ఏం పోతున్నా నాకు వినబడదు. అందుకే చేతులు ఖాళీగా ఉంచుకోలేను. రెండోది మొదలుపెడుతున్నా. ఈసారి నీ బండి. ముందు నుంచి, పక్క నుంచి, ముఖ్యంగా వెనక అడుగు భాగం కనబడేలా ఫోటోలు తీయించి పంపు. టేపు పట్టి కొలతలు కూడా రాయి.

జాగ్రత్త.
నీ మామయ్య


జూన్ 14

మామయ్యా,

కొలతలు ఈ ఉత్తరం వెనక ఉన్నాయి. టేపు అవతలి కొస పట్టుకున్నది పొడుగన్న. ఇక్కడి డ్రైవర్లలో నాతో మామూలుగా మాట్లాడేది ఆయనొక్కడే. అందరికంటే పొడుగు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఇంట్లో నడక నేర్చుకుంటున్న పాప ఉంది. దాని గురించి తప్ప ఇంకోటి మాట్లాడడు. మిగతావాళ్లు నేనెప్పుడు మానేస్తానా అని పందేలు కాసుకున్నారట. కాసినవాళ్లంతా ఓడిపోయారు.

సూపర్‌వైజర్ ఏదో పనికి ఫోటో స్టూడియో అతన్ని కొండ మీదికి తీసుకొస్తే, బతిమాలి నువ్వు అడిగిన ఫోటోలు కూడా తీయించాను. పక్క ఫోటోలో డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డది నేనే, గుర్తుపట్టలేవేమోనని చెప్తున్నా. దుమ్ముకి జుట్టు తెల్లబడి అమ్మమ్మలా ఉన్నాను. వెనక అడుగు భాగం తీయడానికి అతను దుమ్ములో పడుకోవాల్సి వచ్చింది. పెళ్లి ఫోటోలు తీసుకునే నాకు ఈ ఖర్మేమిటని సణుగుతూనే తీశాడు.

నువ్వు అడగలేదు గానీ దారి గురించి చెప్తాను. పైన రాళ్లు నింపుకుని కింద కంకర కొట్టే క్రషర్ దాకా దిగాలి. కుడి పక్కంతా లోయ. అంచున ఇసుక నింపిన డ్రమ్ములు పెట్టారు. వాటికి సున్నం కొట్టారు, అంతే, అంతకు మించి అడ్డం ఏమీ లేదు. మొదటి గేరులో దిగుతున్నంతసేపూ డ్రమ్ములు లెక్కపెట్టుకుంటాను. పాట పాడుకుందామనుకుంటాను, మొదటి మాటే గుర్తు రాదు. కింద చదునులోకి వచ్చాక చూసుకుంటే చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంటుంది. ఇది ఇక్కడ ఎవరికీ చెప్పను. నీకు చెప్పొచ్చు కదా.

అమ్మకి నా చీటీలు బాగా సాగుతున్నాయని చెప్పు.

నీ మేనకోడలు


జూన్ 26

అమ్మడూ,

ఫోటోలు చూసి పండగ చేసుకున్నాను. ఛాసిస్ చట్రం రెండు రోజుల్లో నిలబెట్టేశాను. ఇప్పుడు వెనక కమాను పట్టీలు, అదే, బరువంతా మోసే స్ప్రింగులు, వాటి దగ్గరికి వచ్చాను. నీ వెనక ఫోటో మీద భూతద్దం పెట్టి ఎక్కడ ఏముందో గుర్తులు పెట్టుకుంటున్నాను.

ఒక్క సంగతి. ఎడమ వెనక చక్రం దగ్గర, కమాన్లని ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ ఉంది చూడు, దాని మీద ఒక గీత కనబడుతోంది. పై బోల్టు దగ్గర మొదలై వంకరగా కిందికి దిగింది. మొదట ఫోటో మీద వెంట్రుక పడిందేమో అనుకుని ఊదాను. వేలితో తుడిచాను. పోలేదు. మట్టి చార అయితే అంత సన్నగా, అంత నల్లగా ఉండదు. పగులులా ఉంది తల్లీ.

ఆ బ్రాకెట్ ఊడితే ఆ పక్క చక్రం వెనక్కి జరిగిపోతుంది. నిండు బరువుతో, ఆ దిగుడులో, నువ్వు రాసిన ఆ డ్రమ్ముల పక్కన. ఇక రాయను. డీజిలులో గుడ్డ తడిపి దాన్ని శుభ్రంగా తుడిచి చూడు. మెకానిక్‌కి చూపించు. చూసేదాకా బండిలో రాయి వేయించకు. నిన్నటి నుంచి నేను ఆకురాయి ముట్టుకోలేదు. మీ అమ్మ, "ఏమైందిరా, అలా ఉన్నావు?" అంటే పంటి నొప్పి అన్నాను. లవంగం నూనె తెచ్చి పూసింది. నోరు మండిపోతోంది.

వెంటనే రాయి.
మామయ్య


జూలై 5

మామయ్యా,

చూపించాను. మెకానిక్ నా ముందే బండి కింద దూరి, ఎడమ బ్రాకెట్ తుడిచి, సుత్తితో కొట్టి చూశాడు. అది ఎప్పుడో వేసిన వెల్డింగు అతుకట. నేనూ దూరి చూశాను. అతుకే. రాయిలా ఉంది. "ఎవరు చెప్పారమ్మా ఇది పగులని?" అన్నాడు. అబద్ధం చెప్పలేక మా మామయ్య ఫోటోలో చూశాడని చెప్పాను. సాయంత్రానికి క్వారీ అంతా తెలిసిపోయింది. ఇప్పుడు నేను బండెక్కుతుంటే, "అమ్మాయ్, మీ మామయ్య చక్రాలు లెక్కపెట్టుకోమన్నాడా?" అని అరుస్తున్నారు.

మామయ్యా, నీకు తెలియనిది కాదు. ఇక్కడ మగవాడు భయపడితే జాగ్రత్తపరుడంటారు. నేను భయపడితే ఇంటికి పొమ్మంటారు. నేను తోలడం నీకే ఇష్టం లేకపోతే ఆ మాట సూటిగా రాయి. లేక అమ్మకి తెలిసిపోయిందా? ఆవిడ రాయిస్తోందా నీ చేత? పంటి నొప్పి కథ నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మోడల్ చేసుకో. అంతవరకే.

నీ మేనకోడలు


జూలై 12

అమ్మడూ,

మీ అమ్మకి ఏమీ తెలియదు, ఒట్టు. నువ్వు తోలడం నాకు ఇష్టం లేకపోతే స్టీరింగు నీ చేతికి ఎందుకిస్తాను?

కానీ అతుకు తిన్నగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. ఫోటోలో గీత వంకరగా, లోపలికి దిగి ఉంది. మీ మెకానిక్ మంచివాడే కావచ్చు. నా కళ్లు కూడా ఇంకా పాడవలేదు. అతను చూసిందీ నేను చూసిందీ ఒకటేనంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. అదే బ్రాకెట్ రేకుతో చేసి, అదే చోట రంపంతో గీత పెట్టి, మోడల్ తొట్టిలో గులకరాళ్లు పోసి, పలకని వాలుగా పెట్టి వదిలాను. ఎలా పడిందో నీకు రాయను. పడిన చప్పుడుకి మీ అమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను చెమటలు కక్కుతూ గోడకి ఆనుకుని ఉంటే గుండె నొప్పనుకుని డాక్టర్ని పిలిపించింది. ఆయన చూసి, గుండె బాగానే ఉంది, దేనికో భయపడ్డారు అన్నాడు. పెద్దవాణ్ని, బొమ్మ పడితే భయపడ్డానని ఎలా చెప్పను?

నువ్వు కోప్పడతావని తెలుసు. అయినా మీ ఓనరుకి ఉత్తరం రాశాను. ఆ బండి ఆపి, అడుగు భాగమంతా బాగా చూపించమని మర్యాదగానే రాశాను. ఈపాటికి అంది ఉంటుంది.

మామయ్య


జూలై 20

మామయ్యా,

అందింది. ఓనరు నన్ను ఆఫీసులోకి పిలిచి నీ ఉత్తరం గట్టిగా చదివించాడు. నా చేతే. సూపర్‌వైజర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు. "ఇంట్లో వాళ్లకి ఇంత భయమైతే మనకెందుకమ్మా గొడవ" అని ఓనరు తాళం తీసుకున్నాడు. నా బండి పొడుగన్నకి ఇచ్చారు. నన్ను కాటా దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పుడు నేను నిజంగానే చీటీలు రాస్తున్నాను. అమ్మకి ఇన్నాళ్లూ చెప్పిన అబద్ధం నీ చేతి మీదుగా నిజమైంది. సంతోషమేనా?

నా బండి రోజూ నా కళ్ల ముందే కాటా ఎక్కి దిగుతోంది. పొడుగన్న తల వంచుకుని చీటీ తీసుకుంటాడు. ఆయన తప్పేం లేదు. నువ్వు బల్ల మీద భయపడ్డావు, నా బతుకు కిందికి దింపారు.

కొన్నాళ్లు నాకు రాయకు.


జూలై 26

అమ్మడూ,

రాయొద్దన్నావు. అయినా రాయాలి. బండిని ఆపమంటే వాళ్లు నిన్ను ఆపారు. బండి అలాగే తిరుగుతోంది, అందులో ఇంకో ఇంటి మనిషి ఉన్నాడు. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ పాప, మొహం కూడా తెలియని పాప, నా కళ్ల ముందు తప్పటడుగులు వేస్తోంది. నేను నీ గురించే భయపడ్డాను, నువ్వు దిగితే చాలనుకున్నాను. ఇంకొకడు ఎక్కుతాడని

ఇక్కడిదాకా రాసి, కలం పక్కన పెట్టి మోడల్ ముందుకు లాక్కున్నాను. డీజిలు ట్యాంకు బిగించేస్తే పని అయిపోతుందనుకున్నా. పక్క ఫోటో చూసి డ్రైవరు తలుపు వైపు, కుడి పక్కన పెట్టాను. అది కూర్చోలేదు. సైలెన్సర్ గొట్టం అడ్డం వచ్చింది. గొట్టం వెనక ఫోటో చూసి పెట్టింది. రెండూ ఒకే చోటికి వచ్చాయి. ఏ బండిలోనూ అలా కుదరదు. లెక్క తప్పానేమోనని కొలిచాను, తప్పలేదు. మళ్లీ పక్క ఫోటో చూశాను. నువ్వు నిలబడ్డ వైపు గొట్టం లేదు. అంటే గొట్టం ఎడమ పక్కన ఉంది. వెనక ఫోటోలో మాత్రం కుడి పక్కన ఉంది.

వెనక ఫోటోని అద్దానికి చూపించాను. అద్దంలో అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. ఆ స్టూడియోవాడు ఫిల్ముని తిరగేసి ముద్ర వేశాడు తల్లీ! ఫోటోలో ఎడమ అంటే బండిలో కుడి. మీ మెకానిక్ ఎడమ వైపు చూశాడు, అతుకే ఉంది, అతను చెప్పింది నిజమే. పగులున్నది కుడి వైపు. లోయ వైపు. దాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో తెలియదు. టెలిగ్రాం ఇవ్వడానికి పోతున్నాను. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రావడం లేదు. మీ అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడి ఏమిటని అడుగుతోంది. చెప్పేస్తున్నాను.

మామయ్య


టెలిగ్రాం, జూలై 26

ఎడమ కాదు కుడి బ్రాకెట్. ఫోటో తిరగబడింది. బండి ఆపు. మామయ్య.


జూలై 29

మామయ్యా,

నేను బాగున్నాను. పొడుగన్న బాగున్నాడు. ఇది ముందు చదివి తర్వాత మిగతాది చదువు.

టెలిగ్రాం మొన్న పొద్దున్న కాటా దగ్గరికి వచ్చింది. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని ముందు విప్పలేదు. విప్పి చదివితే అర్థం కాలేదు. ఎడమ కాదట, కుడి అట. నీకు మతి పోయిందనుకున్నాను, క్షమించు. చింపబోయి, 'ఫోటో తిరగబడింది' అన్న మాట దగ్గర ఆగాను. ఆ ఫోటోలు ఇచ్చిన రోజు నా మొహం ఎడం పక్క మచ్చ కుడి పక్కకి వచ్చిందని పక్క ఫోటో కాపీ ఒకటి స్టూడియో అతనికి తిరిగిచ్చేశాను. అది గుర్తొచ్చింది.

తల పైకెత్తి చూస్తే బండి పైన నింపుకుని మలుపు దిగడం మొదలుపెట్టింది. చీటీల పుస్తకం అక్కడే పడేసి పరుగెత్తాను. ఎత్తులోకి పరుగెత్తడం కదా, అరుద్దామంటే ఊపిరి అందదు. చున్నీ తీసి ఊపాను. పొడుగన్న చూశాడు. చూసినా నిండు బండి వెంటనే ఆగదు. అది నా మీదికి వస్తుంటే నేను పక్కకి జరగలేదు. ధైర్యమనుకోకు, కాళ్లు కదల్లేదు. దాని వేడి మొహానికి తగిలేంత దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏమ్మాయ్, పిచ్చా నీకు!" అని దిగాడు. కుడి చక్రం వైపు చెయ్యి చూపించాను. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం వేసి ఇద్దరం కిందికి దూరాం. గుడ్డతో తుడిచాను. మామయ్యా, నువ్వు రాసినట్టే ఉంది. పై బోల్టు దగ్గర మొదలై వంకరగా. అందులో నా గోరు దూరింది. పొడుగన్న కూడా వేలు పెట్టి చూశాడు. బయటికి వచ్చి రోడ్డు పక్కన కూలబడ్డాడు.

అంతలో సూపర్‌వైజర్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. దారిలో బండి ఆపితే వెనక బళ్లన్నీ ఆగిపోతాయి, మెల్లగా కిందికి తీసుకురండి, అక్కడ చూద్దాం అన్నాడు. పొడుగన్న నా వైపు చూసి, "అమ్మాయ్, నాకు కాళ్లు వణుకుతున్నాయి, నేను ఎక్కలేను" అన్నాడు. బరువుతో ఎవరూ దింపలేరని నేను చెప్పాను. ఇక్కడే తొట్టి లేపి రాళ్లు పారబోద్దాం అన్నాను. "రోడ్డు మీదా?" అని సూపర్‌వైజర్ అరుస్తూనే ఉన్నాడు. తొట్టి లేపే లివరు ఆ బండిలో పట్టేస్తుంది, ఎలా లాగాలో నాకే తెలుసు. నేను ఎక్కాను.

తొట్టి సగం లేచింది. రాళ్లు వెనక జారడం మొదలైంది. అప్పుడు నా కింద తుపాకీ పేలినట్టు చప్పుడైంది. బండి కుడి పక్కకి కూలబడింది. నా కిటికీలో రోడ్డు లేదు, లోయే ఉంది. ముందు భాగం డ్రమ్ముల మీదికి తిరిగింది, ఒక డ్రమ్ము పడిపోయింది. అది కింద ఎక్కడెక్కడ తగులుతోందో నాకు వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు. బండి మాత్రం ఆగింది. పారబోసిన రాళ్లలో వెనక చక్రాలు సగం దాకా కూరుకుపోయి పట్టేశాయి.

పొడుగన్న అవతలి తలుపు తెరిచి, "మెల్లగా, ఇటు రా అమ్మా, మెల్లగా" అంటున్నాడు. నాకు స్టీరింగు వదలడం రావడం లేదు. వేళ్లు మూసుకుపోయాయి. ఆయన లోపలికి వంగి ఒక్కో వేలూ విడదీశాడు. దిగాక సూపర్‌వైజర్ వాంతి చేసుకుంటూ కనిపించాడు. మెకానిక్ వచ్చి విరిగిన ముక్కని ఓనరుకి చూపించడానికి తీసుకెళ్లాడు.

ఓనరు అన్ని బళ్ల కిందా చూపిస్తున్నాడు. నా బండి బాగుచేశాక మళ్లీ తీసుకో అన్నాడు. ఆలోచించుకుని చెప్తానన్నాను. చెంచా పట్టుకున్నా చెయ్యి వణుకుతోంది. మామయ్యా, నువ్వు డ్రైవరుగా చెప్పు. మళ్లీ ఎక్కనా?

టెలిగ్రాం దాకా వచ్చావంటే అమ్మకి చెప్పేసే ఉంటావు. ఏమంది?

నీ మేనకోడలు


ఆగస్టు 5

అమ్మడూ,

నీ ఉత్తరం మొదటి వాక్యం మీ అమ్మకి గట్టిగా చదివి వినిపించాను. మిగతాది వద్దంది. మళ్లీ కాసేపటికి వచ్చి, చదవమంది. డ్రమ్ము పడిన చోట ఆపమంది. లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, ఇప్పుడు చదువు అంది.

నన్నేమీ అనలేదు. తిడుతుందనుకున్నాను, ఇన్నాళ్లూ దాచినందుకు కొడుతుందనే అనుకున్నాను. ఆ టెలిగ్రాం రోజున నా బొత్తాలు తనే పెట్టి, నా చెయ్యి పట్టుకుని పోస్టాఫీసుకి నడిపించింది. తిరిగి వస్తూ కూడా చెయ్యి వదల్లేదు. జవాబు వచ్చేదాకా ఇద్దరం వీధి గుమ్మంలోనే కూర్చున్నాం. ఏ సైకిల్ గంట వినబడినా ఇద్దరం ఒకేసారి లేచాం.

మళ్లీ ఎక్కనా అని అడిగావు. ఎక్కు అనడానికి నాకు నోరు రావడం లేదు. ఎక్కొద్దు అంటే అది డ్రైవరు మాట కాదు, నా భయం మాట. నీ చెయ్యి వణుకు తగ్గాక ఆ బండి దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడు. అప్పుడు నీకేం అనిపిస్తే అదే చెయ్యి. ఎక్కేట్టయితే మాత్రం బాగుచేసిన కుడి బ్రాకెట్ ఫోటో ఒకటి పంపు. పక్కన కాగితం మీద పెద్ద అక్షరాలతో 'కుడి' అని రాసి పెట్టి మరీ తీయించు.

మోడల్ బల్ల మీదే ఉంది. ట్యాంకు, గొట్టం ఎటువి అటు మార్చాను. నిన్న మీ అమ్మ మొదటిసారి ఆ బల్ల దగ్గర కూర్చుంది. కళ్లజోడు పెట్టుకుని బండి చుట్టూ చూసింది. "అది ఎక్కడ కూర్చుంటుందిరా?" అంది. తలుపు తెరిచి సీటు చూపించాను. చిటికెన వేలు లోపలికి పెట్టి ఆ సీటు తాకింది. చాలాసేపు అలాగే ఉంచింది. "ఇంత చోటులోనా" అంది.

ఇప్పుడు నా పక్కనే నిలబడి నీకు రాయమంటోంది. బండి ఎక్కే ముందు ఒక ఉత్తరం, కిందికి దిగాక ఒక ఉత్తరం రాయాలట. "రోజుకి అన్ని ఉత్తరాలు ఎవరు మోస్తారక్కా?" అన్నాను.

"నీకెందుకు? నువ్వు రాయి" అంది.

రాశాను.

మామయ్య